మాటతో పాటు పేరూ చేరాలి: దళిత రచయితలు పాఠకులను కూడగట్టుకోవడం ఎలా?

కొత్తగా పుస్తకం వేసిన దళిత రచయితకు తొందరగానే ఎదురయ్యే మాట ‘సొంత డబ్బా’. తన పుస్తకం గురించి తానే ఫేస్‌బుక్‌లో రాసుకున్నా, తానే సభ పెట్టుకున్నా, సంచిలో వేసుకుని తిరిగి అమ్ముకున్నా ఈ మాట వినపడుతుంది. పత్రికల్లో స్నేహితులు, విశ్వవిద్యాలయ శాఖల్లో గురువులు, ప్రచురణ సంస్థల్లో తెలిసినవాళ్లు ఉన్న రచయిత తన గురించి తాను చెప్పుకోనక్కర్లేదు. చెప్పేవాళ్లు ముందే ఉంటారు. అలాంటివాళ్లు లేని రచయిత నోరు తెరిస్తే మాత్రం అది ప్రచార యావ అయిపోతుంది. ఊరందరి కబురూ డప్పు కొట్టి చాటింపు వేసిన కులాల బిడ్డలు తమ పుస్తకం కబురు తాము చెప్పుకోకూడదనే మర్యాద ఎవరికి లాభమో అడగాలి.

మొదటి పుస్తకం వేయబోతున్న విద్యార్థులకు, వాళ్లకు తోడు నిలిచే కార్యకర్తలకు పనికొచ్చేలా ఈ వ్యాసం రాస్తున్నాం. మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. మాట జనంలోకి వెళ్లడం ఒక పని. ఆ మాటతో పాటు రాసినవాళ్ల పేరు, చిరునామా, హక్కు కూడా వెళ్లడం ఇంకో పని. దళిత సాహిత్యం మొదటి పనిని ఎన్నోసార్లు సాధించింది. రెండోది ఎన్నోసార్లు చేజారింది.

పద్యం చేరింది, పేరు చేరలేదు

గుర్రం జాషువా (1895–1971) శ్మశానం మీద రాసిన పద్యాలు హరిశ్చంద్ర నాటకం కాటి సీనులోకి వెళ్లాయి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, ఆ పద్యాలు జాషువావి. చదువు రాని లక్షల మంది ఆ పద్యాలు విన్నారు, నోటికి నేర్చుకున్నారు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ పేరు ఎన్నడూ వినని పల్లెల్లో కూడా అవి మారుమోగాయి. అయితే రాగం తీసి పాడినవాళ్లందరికీ, వన్స్‌మోర్ కొట్టినవాళ్లందరికీ అవి ఎవరు రాశారో తెలియదు. అంటరానివాడన్న అవమానాన్ని జీవితమంతా మోసిన కవి పద్యం ఊరి నడిబొడ్డున వేదిక ఎక్కింది. కవి పేరు వెంట రాలేదు.

ఉద్యమ పాటకూ ఇదే జరుగుతోంది. ధర్నాలో, సంతాప సభలో, హాస్టల్ గదిలో పాడే పాటలు కొన్నిటికి రచయిత ఎవరో పాడేవాళ్లకే తెలియదు. పాట అందరిదీ అవ్వడం గొప్ప విషయమే. కానీ రాసినవాళ్లు మందుల ఖర్చుకు వెతుక్కుంటున్నప్పుడు ఆ పాట వేరే వాళ్ల ఆల్బమ్‌లో అమ్ముడుపోతుంటే, దాన్ని ‘అందరిదీ’ అనలేం.

అంబేద్కర్ తన రాతను ఎలా చేర్చారు?

ఈ విషయంలో మనకు దొరికే గట్టి పాఠం బాబాసాహెబ్ అంబేద్కర్ దగ్గరే ఉంది. 1920 జనవరి 31న ఆయన ‘మూక్‌నాయక్’ పక్షపత్రిక మొదలుపెట్టారు. కొల్హాపూర్ పాలకుడు శాహూ మహరాజ్ 2,500 రూపాయల సాయం చేశారు. పత్రిక వస్తోందని డబ్బు కట్టి ప్రకటన వేయించుకుంటామన్నా ‘కేసరి’ పత్రిక ఒప్పుకోలేదు. ప్రకటనకు కూడా చోటు దొరకనప్పుడు సొంత పత్రిక తప్ప దారి లేదని అక్కడే రుజువైంది. ‘మూక్‌నాయక్’ 1923లో ఆగిపోయింది. ఆయన ఆగలేదు. 1927లో ‘బహిష్కృత భారత్’, 1930లో ‘జనతా’, 1956లో ‘ప్రబుద్ధ భారత్’ వచ్చాయి.

‘కుల నిర్మూలన’ కథ ఇంకా పనికొస్తుంది. 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ తమ వార్షిక సభకు అధ్యక్షత వహించమని ఆయన్ని పిలిచింది. ఉపన్యాసం పాఠం చూశాక కొన్ని భాగాలు మార్చమంది. ఆయన మార్చనన్నారు. సభే రద్దయింది. అప్పుడు ఆయన ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించారు. రెండు నెలల్లో అన్నీ అయిపోయాయి. 1937లో రెండో ముద్రణ వచ్చేసరికి గుజరాతీ, తమిళ అనువాదాలు వచ్చేశాయి, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళ అనువాదాలు సాగుతున్నాయి.

ఇందులో మూడు పనులు గమనించాలి. సభ ఎందుకు రద్దయిందో చెప్పే ఉత్తరాలను ఆయన పుస్తకంలోనే చేర్చారు. తిరస్కారాన్ని దాచుకోకుండా పాఠకుల ముందు పెట్టారు. రెండో ముద్రణలో గాంధీ ‘హరిజన్’లో రాసిన విమర్శను, దానికి తన జవాబును కలిపి వేశారు. విమర్శకుడి మాట పాఠకుడికి తన పుస్తకంలోనే దొరికేలా చేశారు. అనువాదాలను ఆపలేదు, అవి ఎక్కడెక్కడ వస్తున్నాయో ముందుమాటలో చెప్పుకున్నారు. దీన్ని ఎవరూ సొంత డబ్బా అనలేరు. మాట చేరాలనుకున్న మనిషి చేసిన పని ఇది.

తెలుగు నేల మీద

తెలుగులోనూ ఈ దారి పాతదే. గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ రాస్తే, కుసుమ ధర్మన్న 1921లో ‘మాకొద్దీ నల్ల దొరతనము’ రాసి జవాబిచ్చారు. జనం నోట అప్పటికే ఉన్న పాట వరసను పట్టుకుని తన మాటకు చెవులు తెప్పించుకున్నారు. తర్వాత ‘జయభేరి’ పత్రిక నడిపారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక తెచ్చారు, అది తర్వాత ‘ఆది హిందూ’ అయింది.

1985 కారంచేడు, 1991 చుండూరు మారణకాండల తర్వాత తెలుగు దళిత సాహిత్యం ఒక్కసారిగా ఎగిసింది. 1989లో మొదలైన ‘నలుపు’ పక్షపత్రిక చాలా మందికి మొదటి అచ్చు ఇచ్చింది. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చింది. విడివిడిగా ఉంటే ఏ దుకాణంలోనూ చోటు దొరకని కవులు ఒకే అట్ట కింద నిలబడేసరికి పాఠకులు, విమర్శకులు, సిలబస్‌లు వాళ్లను చూడక తప్పలేదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘నల్లపొద్దు’ 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలను ఒక చోటికి తెచ్చింది. అంతకు ముందు ‘దళిత స్త్రీలు రాయలేదు’ అన్నవాళ్ల నోరు ఆ ఒక్క సంకలనంతో మూతపడింది.

ఈ చరిత్ర నుంచి మేము తీసుకునేవి మూడు: సొంత వేదిక ఉండాలి, ఒంటరిగా కాకుండా గుంపుగా వెళ్లాలి, జనం ఇప్పటికే ఉన్న చోటికి వెళ్లాలి. కింద చెప్పే పనులన్నీ ఈ మూడింటి మీదే నిలబడతాయి.

పుస్తకం కంటే ముందు పాఠకుల జాబితా

చాలామంది పుస్తకం అచ్చయ్యాక పాఠకుల కోసం వెతుకుతారు. కనీసం ఏడాది ముందు మొదలుపెట్టాలి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. మీ కథ, కవిత, వ్యాసం చదివి పలకరించిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఫోన్ నంబరు వాళ్లను అడిగి రాసుకోండి. ఏ రచన చదివి పలకరించారో కూడా రాయండి. ఫేస్‌బుక్‌లో ఐదు వేల మంది స్నేహితులు ఉండొచ్చు, కానీ ఆ ఖాతా ఒక్క రాత్రిలో మూతపడొచ్చు. మూకుమ్మడిగా ఫిర్యాదులు చేసి ఖాతాలు మూయించడం మనకు తెలియనిది కాదు. నోట్‌బుక్‌లో ఉన్న రెండు వందల పేర్లు ఎవరూ తీసేయలేరు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పంపిన సందేశం మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కాబట్టి నంబరు తీసుకునేటప్పుడే మనది కూడా సేవ్ చేసుకోమని చెప్పాలి. రోజూ పంపితే విసుగొస్తుంది. నెలకు ఒకటి రెండు చాలు, అందులో ఒకటి మన గురించి కాకుండా మరో దళిత రచయిత పుస్తకం గురించి ఉండాలి. అప్పుడే అది ప్రకటనల జాబితా కాకుండా చదువరుల బృందం అవుతుంది.

కవిత పంపేటప్పుడు పేరు, పుస్తకం పేరు కవిత ఉన్న బొమ్మలోనే అచ్చు వేయండి. కింద విడిగా రాసిన పేరు రెండో ఫార్వర్డ్‌కే రాలిపోతుంది. పాటైతే వీడియో మొదటి పది సెకన్లలో రచయిత పేరు నోటితో చెప్పించండి. సభల్లో పాడేవాళ్లూ ఈ అలవాటు చేసుకోవాలి: పాట ఎత్తుకునే ముందు రాసినవారి పేరు చెప్పాలి.

అచ్చు, ధర, పంపిణీ

సొంతంగా వేసుకునేవాళ్లు ఐఎస్‌బీఎన్ కోసం ఏజెంట్లకు డబ్బు ఇవ్వనక్కర్లేదు. కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది. రచయితే ప్రచురణకర్తగా దరఖాస్తు చేసుకోవచ్చు. పుస్తకం రెండో పేజీలో కాపీరైట్ ఎవరిదో, ఏ సంవత్సరమో, ఎన్ని ప్రతులో, పుస్తకం ఎక్కడ దొరుకుతుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో స్పష్టంగా వేయండి. ఇరవై ఏళ్ల తర్వాత ఒక విద్యార్థి ఆ పేజీ చూసే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

లెక్క ముందే వేసుకోవాలి. ఉదాహరణకు 500 ప్రతులకు ప్రతికి 80 రూపాయల చొప్పున 40,000 ఖర్చయిందనీ, ధర 200 పెట్టారనీ అనుకుందాం. పంపిణీదారు 40 శాతం తీసుకుంటే మనకు వచ్చేది ప్రతికి 120. సమీక్షలకు, మిత్రులకు 60 ఉచితంగా పోతే మిగిలేవి 440. అన్నీ పంపిణీదారు ద్వారానే అమ్ముడైతే వచ్చేది 52,800. సగం నేరుగా అమ్మితే వచ్చేది 70,400. తేడా 17,600 రూపాయలు. తర్వాతి పుస్తకానికి కాగితం ఖర్చు అందులోంచే వస్తుంది. పెట్టుబడి తిరిగి రావడానికి నేరుగా అయితే 200 ప్రతులు చాలు, దుకాణం ద్వారా అయితే 334 అమ్ముడుపోవాలి. పాఠకుల నోట్‌బుక్ విలువ ఈ తేడాలో ఉంది.

అయినా దుకాణాలను వదులుకోకూడదు. మన జాబితాలో లేని పాఠకులు అక్కడికే వస్తారు. ప్రతులు ఇచ్చినప్పుడు ఎన్ని ఇచ్చామో, కమిషన్ ఎంతో, లెక్క ఎప్పుడు చూస్తారో రాసిన రశీదు తీసుకోండి. ‘మనవాళ్లే కదా’ అని నోటిమాట మీద వదిలేస్తే అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది.

ఉచితంగా పంచడం గురించి ఒక మాట. హాస్టల్ విద్యార్థికి తగ్గించి ఇవ్వడం వేరు, జీతం వచ్చే ఉద్యోగికి ఊరికే ఇవ్వడం వేరు. కొనగలిగినవాళ్ల చేత కొనిపించాలి. ఒక ఉద్యోగి పది ప్రతులు కొని తన ఊరి హాస్టల్‌కు ఇచ్చే పద్ధతి పెట్టుకుంటే రచయితా బతుకుతారు, విద్యార్థీ చదువుతారు.

సభలు ఎక్కడ పెట్టాలి?

వేదిక మీద పన్నెండు మంది, కింద ముప్పై మంది ఉండే ఆవిష్కరణ సభల వల్ల శాలువాలు మిగులుతాయి, పుస్తకాలూ మిగులుతాయి. వక్తలు ముగ్గురు చాలు. వాళ్లు పుస్తకం చదివి రావాలి. ఒకరు తప్పనిసరిగా పుస్తకంలోంచి చదివి వినిపించాలి. గుమ్మం దగ్గర బల్ల, చిల్లర, క్యూఆర్ కోడ్, ఒక మనిషి ఉండాలి.

నగరంలో ఒక సభ పెడితే, కథ పుట్టిన ఊళ్లో ఇంకొకటి పెట్టండి. మాలపల్లెలో, మాదిగవాడలో, ఎస్సీ హాస్టల్‌లో, మున్సిపల్ కార్మికుల యూనియన్ ఆఫీసులో జరిగే సభలకు విలేకరులు రాకపోవచ్చు. కానీ మన మాట నిజమో కాదో చెప్పగలిగినవాళ్లు అక్కడే ఉంటారు.

జనం పోగయ్యే రోజులు మనకు ఉన్నాయి: జనవరి 3 సావిత్రిబాయి ఫూలే జయంతి, ఏప్రిల్ 11 ఫూలే జయంతి, ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి, సెప్టెంబర్ 28 జాషువా జయంతి, డిసెంబర్ 6 అంబేద్కర్ వర్ధంతి. ముంబయి చైత్యభూమి దగ్గర డిసెంబర్ 6న, నాగపూర్ దీక్షాభూమి దగ్గర ధమ్మ దీక్ష రోజున పుస్తకాల దుకాణాలు బారులు తీరుతాయి. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లు కూడా అక్కడ పుస్తకం కొనకుండా వెళ్లరు. మన ఊరి అంబేద్కర్ విగ్రహం దగ్గర దండల పక్కన ఒక పుస్తకాల బల్ల ఆ సంప్రదాయానికి నాంది అవుతుంది. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ఒక్కరే స్టాల్ తీసుకోవడం భారం. నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకుంటే వంతుల వారీగా కూర్చోవచ్చు.

దళిత రచయిత్రుల విషయంలో నిర్వాహకులు ఇంకా కొన్ని చూసుకోవాలి. సాయంత్రం ఆరుకు మొదలై రాత్రి పదికి ముగిసే సభకు పిల్లలున్న తల్లి, దూరం నుంచి బస్సులో వచ్చే ఉద్యోగిని రాలేరు. పగటి వేళ పెట్టడం, దారి ఖర్చు ముందే ఇవ్వడం మర్యాద కోసం చేసేవి కావు. అవి లేకపోతే వేదిక మీద మళ్లీ మగవాళ్లే మిగులుతారు.

సమీక్ష, ముద్ర, దూషణ

పత్రికల సాహిత్య పేజీలకు రెండేసి ప్రతులు పంపడం ఆనవాయితీ. వాటితో పాటు పుస్తకం దేని గురించో పది వాక్యాల్లో రాసిన కాగితం పెట్టండి. ‘ఆవేశం ఉంది, శిల్పం లేదు’ అనే సమీక్ష రావచ్చు. దానికి ఫేస్‌బుక్‌లో నాలుగు రోజులు తగాదా పడటం కంటే, ఆ సమీక్షనూ మీ జవాబునూ రెండో ముద్రణలో కలిపి వేయండి. 1937 నాటి పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది.

‘దళిత రచయిత’ అనే పరిచయం రెండువైపులా పదునున్నది. అది మన రాజకీయ ప్రకటన, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఏప్రిల్‌లో మాత్రమే పిలిచి, మిగతా పదకొండు నెలలు కథ గురించీ భాష గురించీ మాట్లాడటానికి వేరేవాళ్లను పిలిచేవాళ్లు ఉంటారు. పరిచయంలో ఏం రాస్తారో, ఏ విషయాల మీద మాట్లాడగలరో మీరే నాలుగు వాక్యాలు రాసి సిద్ధంగా పెట్టుకోండి. నిర్వాహకులు అడిగినప్పుడు అదే పంపండి.

పేరు తెలిసిన కొద్దీ దూషణ కూడా పెరుగుతుంది. కులం పేరుతో తిట్టిన పోస్టును తొలగించే ముందు తేదీ, లింకు, ఖాతా పేరు కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) ప్రకారం, ఎస్సీ ఎస్టీలు కాని వాళ్లు నలుగురిలో కావాలని అవమానించడం, కులం పేరుతో దూషించడం నేరాలు. ఫిర్యాదుకు ఒంటరిగా వెళ్లకండి. న్యాయవాదినో, సంఘాన్నో వెంట తీసుకెళ్లండి.

హక్కు కాగితం మీద ఉండాలి

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రచయితది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు అది నిలుస్తుంది. సంతకం చేసే ముందు గుర్తుంచుకోవాల్సినవి ఇవి.

– హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే ఐదేళ్లుగానే లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే.

– అచ్చు హక్కు, అనువాద హక్కు, సినిమా హక్కు వేరువేరు. ఒకదానికి సంతకం పెడితే అన్నీ ఇచ్చినట్టు కాకుండా చూసుకోవాలి. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో తెలుగులో వస్తే 2010లో ఇంగ్లిష్‌లో వచ్చింది. ఒక పుస్తకానికి రెండో జీవితం పదేళ్ల తర్వాత కూడా రావచ్చు. అప్పటికి హక్కు మన దగ్గర ఉండాలి.

– సినిమాకు పాట ఇచ్చినవాళ్లకు 2012 సవరణ రక్షణ ఉంది. థియేటర్‌లో సినిమాతో పాటు ప్రదర్శించడం కాకుండా ఇతర వాడకాలపై వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు.

– సెక్షన్ 57 ప్రకారం, హక్కులన్నీ అమ్మేసినా, ‘ఇది నేను రాసింది’ అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. గౌరవానికి భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కూ ఉంటుంది.

చివరి పని భద్రపరచడం. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో కొత్త పుస్తకం ప్రతులను 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు పంపాలి. సొంతంగా వేసుకున్నవాళ్లు దీన్ని తరచూ మరిచిపోతారు. దానికి తోడు మీ జిల్లా గ్రంథాలయానికి, చదువుకున్న కళాశాలకు, మీ ఊరి అంబేద్కర్ భవనానికి ఒక్కొక్క ప్రతి ఇవ్వండి.

పది ప్రతులు పంపడానికి పోస్టు ఖర్చు ఎంతో అచ్చు లెక్కలోనే కలుపుకోండి. రేపు ‘మీవాళ్లు ఏం రాశారు?’ అని అడిగేవాళ్లకు జవాబు ఆ బీరువాల్లో, మీ పేరుతో దొరకాలి.